ఎంబీఏ క్లాసులోకి రొయ్యల చెరువు రావాలి

మన రెండు రాష్ట్రాల్లో ఏ ఎంబీఏ కాలేజీకైనా వెళ్లి పాత ప్రాజెక్టు రిపోర్టులున్న బీరువా తెరిపించండి. గట్టి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల డెబ్బై ఎనభై పేజీలు. 'ఎ స్టడీ ఆన్ రేషియో ఎనాలిసిస్', 'ఎ స్టడీ ఆన్ ఎంప్లాయీ శాటిస్‌ఫాక్షన్', 'ఎ స్టడీ ఆన్ కన్స్యూమర్ పర్సెప్షన్'. కంపెనీ పేరు మారుతుంది, సంవత్సరం మారుతుంది, లోపలి వరస మాత్రం మారదు. అవసరం, లక్ష్యాలు, పరిధి, పరిమితులు, ఇండస్ట్రీ ప్రొఫైల్, కంపెనీ ప్రొఫైల్, పట్టికలు, ఫైండింగ్స్, సజెషన్స్.

రేషియోల మీద చేసిన రిపోర్టే తీసుకుందాం. ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు కంపెనీ వెబ్‌సైటు నుంచి తీసి, కరెంట్ రేషియో (ఏడాదిలోపు డబ్బుగా మారే ఆస్తులను ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చే అంకె) కట్టి, కింద 'ఇంటర్‌ప్రిటేషన్' అని పెట్టి, పోయినేడు 1.4 ఉన్నది ఈ ఏడు 1.6కి పెరిగింది కాబట్టి లిక్విడిటీ మెరుగుపడింది అని రాస్తారు. అంకె ఎందుకు పెరిగిందన్న ప్రశ్న ఎక్కడా ఉండదు. సరుకు అమ్ముడుపోక గోదాములో పేరుకుపోయినా కరెంట్ రేషియో పెరగొచ్చు. డీలర్ల దగ్గర బాకీలు వసూలు కాకపోయినా పెరగొచ్చు. అంటే కంపెనీ పీకల్లోతు ఇబ్బందిలో ఉన్నప్పుడు కూడా ఆ అంకె చూడముచ్చటగా ఉండొచ్చు. ఇది తేలాలంటే పక్కనే రెండు లెక్కలు కట్టాలి: సరుకు ఎన్ని రోజులు నిలవ ఉంటోంది, బాకీ ఎన్ని రోజులకు వస్తోంది. ఆ తర్వాత కంపెనీలో ఎవరినైనా కూర్చోబెట్టి అడగాలి. చాలా రిపోర్టుల్లో ఈ మూడూ కనిపించవు.

సర్వే రిపోర్టుల సంగతి ఇంకా దారుణం. వంద మంది శాంపిల్, 'కన్వీనియన్స్ శాంప్లింగ్' (అందుబాటులో దొరికినవాళ్లనే అడగడం) అనే ముద్ర, ప్రశ్నకో పై చార్టు. ఆ వంద ఫారాలూ ఎవరు నింపారో అడిగే నాథుడు ఉండడు. అంత కష్టమూ వద్దనుకుంటే ప్రాజెక్టు సెంటర్లు ఉండనే ఉన్నాయి. డబ్బు కడితే కంపెనీ సర్టిఫికెట్‌తో సహా బైండు చేసి చేతికిస్తారు.

విద్యార్థిని తిట్టి ఊరుకుంటే లాభం లేదు. కంపెనీ సర్టిఫికెట్ ఇస్తుంది కానీ లెడ్జరు చూపించదు. గైడుకు వారానికి పదహారు, పద్దెనిమిది క్లాసులు. యూనివర్సిటీ అడిగేది పేజీల సంఖ్య, అధ్యాయాల వరస. ఎవరి దగ్గర ఏం అడిగితే వాళ్లు అదే ఇస్తారు. రెండేళ్ల మేనేజ్‌మెంట్ చదువులో ఒక నిజమైన వ్యాపారం లెక్కను మొదటి నుంచి చివరి దాకా చేత్తో కట్టకుండానే డిగ్రీ చేతికి వస్తోంది, అసలు లోపం అక్కడుంది. కొత్త భవనం కట్టినా, సిలబస్‌లో బిజినెస్ అనలిటిక్స్ అని కొత్త ఎలక్టివ్ చేర్చినా ఈ లోపం పూడదు. కాలేజీకి యాభై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉన్న వ్యాపారాల లెక్కలు క్లాసులోకి వచ్చినప్పుడే పూడుతుంది.

అరువు తెచ్చుకున్న డిగ్రీ

ఈ చదువు మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. ఐఐఎంలు అప్పటికి పుట్టనే లేదు. 1961లో కలకత్తా ఐఐఎం ఎంఐటీ వాళ్ల తోడ్పాటుతోనూ, అహ్మదాబాద్ ఐఐఎం హార్వర్డ్ వాళ్ల తోడ్పాటుతోనూ లేచాయి. రెండింటికీ ఫోర్డ్ ఫౌండేషన్ అండ ఉంది. అదే కాలంలో మరికొన్ని పేద దేశాల్లోనూ ఇలాంటి మేనేజ్‌మెంట్ సంస్థలే లేచాయి. కరాచీలో ఐబీఏ 1955లో, పెరూ రాజధాని లిమాలో ఈసాన్ 1963లో, మధ్య అమెరికాలో ఇంకాయే 1964లో, మనీలాలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ 1968లో. అన్నిటి వెనకా ఏదో ఒక అమెరికా విశ్వవిద్యాలయం ఉంది.

వీటిలో నిలదొక్కుకుని పేరు తెచ్చుకున్న సంస్థలు ఒక పని చేశాయి. డిగ్రీ చట్రాన్ని అరువు తెచ్చుకున్నా, లోపలి సరుకును తామే తయారు చేసుకున్నాయి. అహ్మదాబాద్ తొలి రోజుల నుంచీ భారతీయ కంపెనీల మీద కేసులు, అంటే క్లాసులో చర్చించడానికి నిజమైన వ్యాపార సమస్యల కథనాలు, రాయించింది. ఇంకాయే తన చుట్టూ ఉన్న దేశాల కంపెనీల మీద రాసుకుంది. అహ్మదాబాద్ ఐఐఎంకు తొలి పూర్తికాలపు డైరెక్టరుగా పనిచేసిన రవి మత్తాయ్ 1972లో ఆ పదవి వదిలి మామూలు ప్రొఫెసరుగా కొనసాగారు. 1975లో రాజస్థాన్‌లోని జవాజా అనే వెనకబడిన ప్రాంతానికి వెళ్లి, అక్కడి తోలు పనివారితో, నేతగాళ్లతో కలిసి పనిచేశారు. మేనేజ్‌మెంట్ నేర్పేవాడు మేనేజ్‌మెంట్ అవసరమైన చోటికి నడిచి వెళ్లాలన్నది ఆయన ఆచరణలో చూపించిన మాట. 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో మొదలైన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా కూడా విద్యార్థులను కొన్ని వారాలపాటు పల్లెల్లో ఉంచి ఫీల్డ్‌వర్క్ చేయించడాన్ని కోర్సులో భాగం చేసింది.

మన యూనివర్సిటీల అనుబంధ కాలేజీల్లోకి చట్రం మాత్రమే వచ్చింది. పాఠ్యపుస్తకం మార్కెటింగ్ గురించి అమెరికా కాఫీ షాపు ఉదాహరణతో చెబుతుంది, సప్లై చెయిన్ గురించి అక్కడి సూపర్‌మార్కెట్ ఉదాహరణతో చెబుతుంది. విద్యార్థి నాన్న ఎరువుల కొట్టు నడుపుతున్నా, సీజన్ అప్పు ఎలా తిరుగుతుందో ఆ పుస్తకంలో ఒక్క పేజీ ఉండదు.

ఇంకో పెద్ద తేడా ఉంది. లండన్‌లోని అంబా అనే గుర్తింపు సంస్థ ఎంబీఏలో చేరేవాళ్లకు కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం ఉండాలంటుంది. గచ్చిబౌలి ఐఎస్‌బీ తన ఏడాది కోర్సును రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్ల కోసం రూపొందించింది. అనుభవం ఉన్న అరవై మంది ఒక గదిలో కూర్చుంటే, ఒకరు ఫ్యాక్టరీ గురించి, ఇంకొకరు బ్యాంకు గురించి మాట్లాడతారు. అక్కడ సగం పాఠం పక్క బెంచీ నుంచి వస్తుంది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి మన కాలేజీల్లో చేరేవాళ్లలో ఎక్కువమంది బీకాం, బీఎస్సీ, బీటెక్ పరీక్షలు అయిన రెండు మూడు నెలలకే వస్తారు. ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తర్కం, లెక్కలు, కమ్యూనికేషన్. అనుభవానికి అందులో చోటు లేదు. దానికి ఆ పిల్లలను తప్పుపట్టలేం. పేద కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు మూడేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ చదువుకు రావాలనడం న్యాయం కాదు. కానీ అనుభవం లేనివాళ్లకు అనుభవం ఉన్నవాళ్ల పద్ధతిలో పాఠం చెబితే చర్చ ఊహాగానంగా మారుతుంది. ఆ ఖాళీని కాలేజీయే పూడ్చాలి.

ఒక ఎకరం చెరువు, ఐదు సబ్జెక్టులు

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు కాలేజీలకు వెనామీ రొయ్యల చెరువును మించిన కేసు దొరకదు. లెక్క చూడండి. ధరలు లెక్క కోసం వేసుకున్నవే, ఏ సీజన్‌కు ఆ సీజన్ ధర పెట్టుకోవచ్చు.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 30 పిల్లల చొప్పున వదిలితే సుమారు 1.2 లక్షల సీడ్ పడుతుంది. పిల్ల 40 పైసలనుకుంటే 48,000 రూపాయలు. బతికేది 75 శాతం అనుకుంటే 90,000 రొయ్యలు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. 60 కౌంట్‌కు పట్టుబడి చేస్తే 1,500 కిలోలు. కిలో రొయ్యకు 1.4 కిలోల మేత పడితే మొత్తం 2,100 కిలోలు. మేత కిలో వంద రూపాయలైతే 2.1 లక్షలు. కరెంటు, డీజిలు, మినరల్స్, కూలి, లీజులో ఈ పంట వాటా కలిపి లక్ష వేద్దాం. మొత్తం ఖర్చు 3.58 లక్షలు. 60 కౌంట్ కిలో 260కి అమ్మితే రాబడి 3.9 లక్షలు. మిగిలేది 32,000.

ఇప్పుడు బతికేది 75 శాతం కాకుండా 60 శాతం అయిందనుకోండి. 72,000 రొయ్యలు, 1,200 కిలోలు, 3.12 లక్షల రాబడి. చచ్చినవి అడుగున ఉంటాయి, పైకి తెలియదు, కాబట్టి రైతు ఉన్నాయనుకునే మేత వేస్తూ ఉంటాడు. మేత 1,900 కిలోలకే తగ్గిందనుకుంటే ఖర్చు 3.38 లక్షలు. లాభం పోయి 26,000 నష్టం మిగిలింది. మేత కిలోకు రూపాయి తగ్గించమని డీలర్‌తో గంట బేరమాడితే మిగిలేది 2,100. బతుకు శాతం ఒక్క పాయింటు పెరిగితే వచ్చేది దానికి రెట్టింపుకు దగ్గర. ఏ అంకె మీద దృష్టి పెట్టాలో ఈ ఒక్క పట్టికతో తెలుస్తుంది. సెన్సిటివిటీ ఎనాలిసిస్ అని పుస్తకంలో చదివితే పరీక్ష దాకే గుర్తుంటుంది, ఇలా కట్టిన లెక్క చాలా కాలం మిగులుతుంది.

అసలు కేసు ఇక్కడి నుంచి మొదలవుతుంది. చెరువు 100 కౌంట్ దగ్గర ఉంది. కాలవ అవతలి చెరువులో తెల్లమచ్చ వైరస్ కనబడింది. అది సోకితే కొద్ది రోజుల్లోనే చెరువు ఖాళీ అవుతుంది. ఈ రోజే పట్టేయాలా, ఆగాలా?

ఈ రోజు పడితే 90,000 రొయ్యలు, 900 కిలోలు, కిలో 200 చొప్పున 1.8 లక్షలు. ఆగి 60 కౌంట్‌కు తీసుకెళ్తే 3.9 లక్షలు వస్తాయి కానీ ఇంకో 960 కిలోల మేత, మరో 24,000 ఖర్చు, కలిపి 1.2 లక్షలు పెట్టాలి. నికరంగా 2.7 లక్షలు. ఆగిన తర్వాత జబ్బు వస్తే హడావుడిగా పట్టినదానికి 70,000 వస్తాయనుకుందాం, అప్పటికి అదనంగా 60,000 ఖర్చయి ఉంటుంది. మిగిలేది 10,000. జబ్బు వచ్చే అవకాశం ఎంత ఉంటే రెండు దారులూ సమానమవుతాయి? ఆగితే జబ్బు వల్ల పోయేది 2.6 లక్షలు, ఆగడం వల్ల కలిసొచ్చేది 90,000. 90,000ను 2.6 లక్షలతో భాగిస్తే 0.346. అంటే జబ్బు వచ్చే అవకాశం సుమారు 35 శాతం దాటితే ఈ రోజే పట్టాలి.

ఈ లెక్కలో విద్యార్థులు తరచుగా చేసే తప్పు ఒకటుంది. ఇప్పటికే పెట్టిన 2.38 లక్షలను కూడా లెక్కలోకి తెస్తారు. ఈ రోజు పడితే 1.8 లక్షలే వస్తాయి కాబట్టి 58,000 నష్టం కళ్లకు కడుతుంది, అందుకే ఆగాలంటారు. రైతు కూడా సరిగ్గా ఈ కారణంతోనే ఆగిపోతాడు. పెట్టిన డబ్బు పట్టినా పోయింది, ఆగినా పోయింది. నిర్ణయం ఇక ముందు వచ్చేదాని మీద, ఇక ముందు పెట్టేదాని మీద తీసుకోవాలి. సంక్ కాస్ట్ అనే మాట ఎంబీఏ చదివిన ప్రతివాడికీ తెలుసు. గట్టు మీద నిలబడి దాన్ని వదిలేయడం ఎంత కష్టమో ఈ కేసు చదివితే అర్థమవుతుంది.

35 శాతం అని తేలాక అసలు చర్చ మొదలవుతుంది. ఈ చెరువుకు ఆ అవకాశం ఎంత? రెండు చెరువులకూ నీళ్లు ఒకే కాలవ నుంచి వస్తున్నాయా? పైన పక్షుల వలలు, చుట్టూ పీతలు రాకుండా కంచె ఉన్నాయా? సీడ్‌కు వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించారా? ఊరంతా ఒకేసారి పడితే 100 కౌంట్ ధర 200 దగ్గర నిలుస్తుందా? మేత అప్పుగా ఇచ్చిన డీలర్ సరుకు ఎవరికి అమ్మమంటాడు? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ప్రాసెసింగ్ ప్లాంట్ల కొనుగోలు ఎందుకు ఆగింది, ఆ భారం గొలుసులో ఎవరి దాకా జారింది? కాస్టింగ్, స్టాటిస్టిక్స్, ఫైనాన్స్, ఆపరేషన్స్, అంతర్జాతీయ వ్యాపారం ఐదూ ఒక ఎకరం నీళ్లలో ఉన్నాయి.

గుంటూరు కాలేజీకి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. క్వింటాలు 15,000 ఉన్నప్పుడు అమ్మాలా, ఆరు నెలలు ఉంచాలా? ఏడాదికి 12 శాతం వడ్డీ చొప్పున 900, స్టోరేజీ, హమాలీ కలిపి 400, తూకంలో రెండు శాతం తరుగు అనుకుంటే ధర సుమారు 16,630 దాటితేగానీ ఉంచినందుకు ఫలితం లేదు. కరీంనగర్, మిర్యాలగూడ కాలేజీలకు రైస్ మిల్లు ఉంది. ప్రభుత్వానికి మర ఆడించి ఇచ్చే మిల్లు క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. మిల్లుకు మిగిలేది తవుడు, నూక, ఊక దగ్గర. నిజామాబాద్‌కు పసుపు, సిరిసిల్లకు మరమగ్గాలు, బాలానగర్, జీడిమెట్లకు జాబ్‌వర్క్ షెడ్లు ఉన్నాయి. చెప్పుకుంటూ పోతే ప్రతి జిల్లాకూ ఒక కేసు పుస్తకం అవుతుంది.

బ్యాంకు అడిగే లెక్క

ఫైనాన్స్ స్పెషలైజేషన్ తీసుకున్న విద్యార్థి పోర్ట్‌ఫోలియో సిద్ధాంతాలు చదువుతాడు, బ్లాక్-షోల్స్ సూత్రం చదువుతాడు. చదవాల్సిందే. కానీ ఇక్కడ ఫైనాన్స్ ఫ్రెషర్లకు దొరికే తొలి ఉద్యోగాల్లో ఎక్కువ భాగం బ్యాంకు శాఖలో, బ్యాంకు కాని అప్పుల సంస్థ అయిన ఎన్‌బీఎఫ్‌సీలో, ఆడిటర్ ఆఫీసులో ఉంటాయి. అక్కడ మొదటి వారంలోనే ఎదురయ్యే లెక్క చాలామందికి రాదు.

చిన్న పరిశ్రమలకు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం తిరగడానికి కావాల్సిన డబ్బు) లిమిట్ కట్టడానికి నాయక్ కమిటీ పద్ధతి ఉంది. వచ్చే ఏడాది అంచనా టర్నోవర్‌లో 25 శాతం వర్కింగ్ క్యాపిటల్ అవసరమనుకుంటారు. అందులో ఐదో వంతు, అంటే టర్నోవర్‌లో 5 శాతం, యజమాని పెట్టుకోవాలి. మిగతా 20 శాతం బ్యాంకు ఇస్తుంది. టర్నోవర్ 2 కోట్లయితే అవసరం 50 లక్షలు, బ్యాంకు లిమిట్ 40 లక్షలు, యజమాని మార్జిన్ 10 లక్షలు.

లిమిట్ మంజూరైంది కదా అని 40 లక్షలూ వాడుకోలేరు. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, దాని మీద డ్రాయింగ్ పవర్, అంటే అప్పటికి నిజంగా తీసుకోగల మొత్తం, కడతారు. సరుకు 30 లక్షలు, సరుకు తెచ్చినవాళ్లకు బాకీ 8 లక్షలు అనుకోండి. డబ్బు కట్టిన సరుకు 22 లక్షలు. 25 శాతం మార్జిన్ తీస్తే 16.5 లక్షలు. రావలసిన బాకీలు 20 లక్షలు, అందులో 90 రోజులు దాటినవి 5 లక్షలు. ఆ ఐదూ పక్కన పెట్టి, మిగిలిన 15 లక్షలకు 40 శాతం మార్జిన్ తీస్తే 9 లక్షలు. మొత్తం 25.5 లక్షలు. 40 లక్షల లిమిట్ కాగితం మీదే ఉంటుంది, చేతికి అందేది 25.5. వ్యాపారి బ్యాంకు మీద కోపం తెచ్చుకునేది సరిగ్గా ఇక్కడే. ఎక్కడ తేడా వచ్చిందో కూర్చోబెట్టి చెప్పగలిగినవాడికి ఉద్యోగం దొరకడం కష్టం కాదు.

ఎంఎస్‌ఎంఈ బకాయిల సంగతీ ఇంతే. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆ గడువు దాటితే కట్టిన సంవత్సరంలోనే ఆ ఖర్చుకు మినహాయింపు ఇచ్చేలా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 2023లో 43బి(హెచ్) నిబంధనను తెచ్చారు. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలుగా నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన వ్యాపారికి, అంటే కొని అమ్మేవాడికి, ఈ రక్షణ రాదు. తయారీ, సేవల సంస్థలకే వర్తిస్తుంది. మార్చి నెలలో ఈ ఒక్క తేడా వల్ల ఎన్ని ఆర్డర్లు అటూ ఇటూ అవుతాయో ఆడిటర్ ఆఫీసులో అడిగితే చెబుతారు. పాఠ్యపుస్తకం కొత్త ఎడిషన్ వచ్చేదాకా క్లాసు ఆగనక్కర్లేదు.

కేసు రాయడం ఎలా, ఎక్కడ చెడుతుంది

మంచి కేసు కంపెనీ చరిత్ర కాదు. ఒక మనిషి, ఒక తేదీ, ఒక నిర్ణయం. కేసు ఆ తేదీ దగ్గర ఆగిపోవాలి, తర్వాత ఏమైందో అందులో ఉండకూడదు. ఎనిమిది పది పేజీల కథనం, నాలుగైదు పట్టికలు, విడిగా క్లాసులో దాన్ని ఎలా నడపాలో చెప్పే టీచింగ్ నోట్. టీచింగ్ నోట్ లేని కేసును వేరే అధ్యాపకుడు వాడలేడు, రాసినవాడు కాలేజీ మారిపోతే దానితోపాటు కేసూ పోతుంది. చివరిగా యజమాని సంతకంతో అనుమతి పత్రం. ఇది మొదటి రోజే కాగితం మీద మాట్లాడుకోకపోతే రెండు నెలల పని చెత్తబుట్టలోకి పోవచ్చు.

యజమాని లెక్కలు చూపించడన్నది అందరూ మొదట చెప్పే అభ్యంతరం. నిజమే, చూపించడు. చిన్న వ్యాపారంలో బ్యాంకుకు ఒక లెక్క, ఇంట్లో ఒక లెక్క ఉండే అవకాశం ఉంది కాబట్టి రూపాయల గురించి అడగగానే నోరు కట్టేసుకుంటాడు. అందుకని రూపాయలతో మొదలుపెట్టకూడదు. బస్తాలు, యూనిట్లు, లీటర్లు, మనుషులు, రోజులు అడగాలి. రోజుకు ఎన్ని క్వింటాళ్లు ఆడుతుంది, నెలకు కరెంటు ఎన్ని యూనిట్లు, హమాలీలు ఎంతమంది, లారీ లోడుకు ఎన్ని గంటలు, ఏడాదిలో ఎన్ని రోజులు మిల్లు ఆగింది. ఇవి చెప్పడానికి ఎవరూ జంకరు, పైగా సంతోషంగా చెబుతారు. బజారు ధరలు విద్యార్థి బయట సంపాదించుకోవచ్చు. రెండూ గుణిస్తే లెక్క నిజానికి చాలా దగ్గరగా వస్తుంది.

రూపాయల లెక్కలు ఇచ్చినా బయటపెట్టవద్దంటే మార్గం ఉంది. అన్ని రూపాయల అంకెలనూ ఒకే గుణకంతో, ఉదాహరణకు 0.83తో గుణించి అచ్చు వేయాలి. నిష్పత్తులు, లాభ శాతాలు, రోజుల లెక్కలు చెక్కుచెదరవు. గుణించడానికి బదులు ఏదో ఒక అంకె కలిపితే మాత్రం అన్ని నిష్పత్తులూ తప్పుతాయి. కొత్తగా రాసేవాళ్లు ఈ పొరపాటు చేస్తారు. పేరు, ఊరు కూడా మార్చొచ్చు, కానీ పంట, కాలం, దూరాలు మార్చకూడదు. మారిస్తే లెక్క తలకిందులవుతుంది.

యజమానికి తిరిగి ఏమిస్తామన్నది కూడా ముందే అనుకోవాలి. అనుమతి ఇచ్చినందుకు ఆయనకొక కాస్టింగ్ పట్టిక, తన సరుకు రకాల్లో ఏది ఎంత మిగులుస్తోందో తేల్చిన ఒక పేజీ ఇస్తే రెండో బ్యాచ్‌కు తలుపు తెరిచే ఉంటుంది. శాలువా, మెమెంటో ఇస్తే ఆ ఒక్కరోజుతో సరి.

ప్రాజెక్టును కూడా ఇదే పద్ధతికి మార్చొచ్చు, దీనికి ఎవరి జీవో అవసరం లేదు. 60 మంది సెక్షన్‌ను ముగ్గురేసి చొప్పున 20 జట్లు చేస్తే 20 వ్యాపారాలు చాలు. సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం 20 మందికి ఒక అధ్యాపకుడు ఉండాలి; రెండేళ్లకు కలిపి 120 మంది అంటే ఆరుగురు. ఒక్కొక్కరికి మూడు నాలుగు జట్లు వస్తాయి, అది మోయలేనంత భారం కాదు. ప్రతి జట్టూ వ్యాపారానికి కనీసం ఆరుసార్లు, అందులో ఒకసారి తెల్లవారుజామున, ఒకసారి నెలాఖరున వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ తేదీ, సమయం, చూసింది, అడిగింది, వచ్చిన జవాబు చేత్తో రాసిన నోటుపుస్తకం ఉండాలి. ప్రాజెక్టు సెంటర్ అమ్మలేనిది ఆ నోటుపుస్తకమే. రిపోర్టు 15 పేజీలు మించకూడదు. లిటరేచర్ రివ్యూ అధ్యాయం అక్కర్లేదు. వైవా రోజున యజమానిని పిలవాలి. ఆయన వేసే రెండు ప్రశ్నలకు మార్కులు కేటాయిస్తే విద్యార్థి తయారయ్యే తీరే మారుతుంది.

యూనివర్సిటీ సిలబస్ ఒప్పుకోదన్న మాటకు కొంత బలముంది. ఎండ్ సెమిస్టర్ ప్రశ్నపత్రం యూనివర్సిటీ చేతిలో ఉన్నంతకాలం థియరీ రాయక తప్పదు. కానీ ఇంటర్నల్ మార్కులు, సెమినార్, అసైన్‌మెంట్లు కాలేజీ చేతిలోనే ఉన్నాయి. సొంత ప్రశ్నపత్రాలు పెట్టుకునే అటానమస్ కాలేజీలకైతే ఆ సాకు కూడా లేదు.

అధ్యాపకుల విషయం మాత్రం తేలిగ్గా తీసేసేది కాదు. ఫీజును నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి కాలేజీ ఖర్చుల లెక్కలు చూసి నిర్ణయిస్తుంది. ఆ ఫీజులో పెద్ద భాగం రీయింబర్స్‌మెంట్ రూపంలో ప్రభుత్వం నుంచి రావాలి, అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆగుతుంది. కాలేజీ జీతాలు ఆపుతుంది, మంచి అధ్యాపకుడు సెమిస్టర్ మధ్యలో వెళ్లిపోతాడు, తనిఖీ రోజున మాత్రమే కనిపించే పేర్లు రిజిస్టర్లో చేరతాయి. సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కుని, వచ్చిన ఉద్యోగంలో చేరలేక ఏడ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉన్నారు. బకాయిలు సమయానికి కట్టడం ప్రభుత్వం చేయాల్సిన పని, దానికి ప్రత్యామ్నాయం లేదు. అయినా ఒక కేసుకు ప్రయాణాలు, అచ్చు, రాసినవాళ్లకు పారితోషికం కలిపి 30,000 ఖర్చయినా 20 కేసులకు ఆరు లక్షలు. నాలుగైదు కాలేజీలు పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది లక్షన్నర మించదు. స్మార్ట్ బోర్డుల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎక్కువ కాదు.

భాష గురించి ఒక మాట. ఐసెట్ తెలుగులో రాయొచ్చు, క్లాసులోకి అడుగుపెట్టగానే అంతా ఇంగ్లిష్. జిల్లా కాలేజీల్లో సగం మంది నోరు తెరవకపోవడానికి కారణం బిడియం కాదు, వాక్యం కుదరకపోవడం. కేసు చర్చ తెలుగులో జరగాలి. డీలర్‌తో బేరం, బాకీ వసూలు, కార్మికుడితో మాట, ఇవి రేపు ఉద్యోగంలో తెలుగులోనే చేయాలి, వాటి అభ్యాసం తెలుగులోనే ఉండాలి. చర్చ అయ్యాక నిర్ణయాన్ని ఒక్క పేజీ ఇంగ్లిష్ మెమోగా రాయించాలి. పైవాళ్లకు పంపేది అదే కాబట్టి. ముందు ఆలోచన కుదిరితే ఆ పేజీ రాయడం నేర్చుకోవడం సులువవుతుంది. భాషను, ఆలోచనను ఒకేసారి మోయమంటే రెండూ జారిపోతాయి.

మొదలుపెట్టాలనుకునే అధ్యాపకులకు రొయ్యల చెరువు కేసు మీద తొంభై నిమిషాల క్లాసు ఇలా పంచుకుంటే సరిపోతుంది. కేసు రెండు రోజుల ముందే ఇచ్చేయాలి. మొదటి పది నిమిషాలు ఎవరినీ చర్చించనివ్వకుండా 'ఈ రోజే పట్టాలి', 'ఆగాలి' అని చేతులెత్తించి బోర్డు మీద సంఖ్య రాయాలి. తర్వాత ఇరవై నిమిషాలు ఖర్చుల పట్టిక, విద్యార్థులే బోర్డు దగ్గరికొచ్చి కట్టాలి. ఆ తర్వాత ఇరవై ఐదు నిమిషాలు 35 శాతం ఎలా వచ్చిందో, పెట్టిన డబ్బును ఎందుకు వదిలేయాలో. తర్వాత ఇరవై నిమిషాలు కాలవ, డీలర్, ధర, ఎగుమతి. మళ్లీ చేతులెత్తించి మొదటి సంఖ్యతో పోల్చడానికి ఐదు నిమిషాలు. మిగిలిన పది నిమిషాల్లో స్పీకర్ పెట్టి ఆ చెరువు రైతుకు ఫోన్ చేయాలి. ఆ రోజు ఆయన ఏం చేశారో, ఎందుకు చేశారో విద్యార్థులే అడగాలి.